మూలాలున్న లబ్ధం: భిన్న ఘాతాల దగ్గర లబ్ధ నియమం ఎలా పనిచేస్తుంది?

నా దగ్గర లెక్కలు చెప్పించుకునే ఇంటర్ అమ్మాయి ఒకరోజు నోట్సు తెరిచి ఒక లెక్క చూపించింది. య^(2/3) ని (య − 10) తో గుణిస్తే వచ్చే ప్రమేయానికి అవకలజం కనుక్కోవాలి. మొదటి వరుసలో సూత్రం సరిగ్గానే రాసింది. రెండో వరుసలో 2/3 లోంచి 1 తీసేసి −1/3 అని కూడా సరిగ్గానే వేసింది. మూడో వరుసలో రెండు పదాలనూ ఒక్కటిగా కలపాల్సిన చోట మూడు కొట్టివేతలు ఉన్నాయి. పెన్సిల్‌తో ఒకటి, పెన్నుతో రెండు. "సూత్రం వచ్చు సార్, భిన్నం కనబడితేనే టెన్షన్" అంది.

ఇదే మాట నేను చాలామంది దగ్గర విన్నాను. లబ్ధ నియమం వచ్చు, ఘాతం నియమమూ వచ్చు. రెండూ ఒకే లెక్కలో కలిసేసరికి చెయ్యి ఆగిపోతుంది. పాఠ్యపుస్తకంలో ఈ రెండూ పక్కపక్కన ఉన్న రెండు వేర్వేరు సూత్రాల్లా కనిపిస్తాయి కాబట్టి, ఒకదానికొకటి సంబంధం లేదనిపిస్తుంది. కానీ చాలా దగ్గరి చుట్టరికం ఉంది. ఘాతం సగమైనా, మూడో వంతైనా అవకలనం ఎలా చేయాలో లబ్ధ నియమంతోనే రాబట్టవచ్చు. ఆ చుట్టరికం తెలిస్తే భిన్నం చూసి బెదరాల్సిన పని సగం తగ్గుతుంది. మిగతా సగం మామూలు బీజగణితం.

ముందు గుర్తుల సంగతి. నోట్సులో ఎక్స్, వై అని రాసేచోట ఇక్కడ య, వ అని రాస్తున్నాను. ఘాతానికి టోపీ గుర్తు పెడుతున్నాను: య^(2/3) అంటే య ఘాతం 2/3. అవకలజానికి పైన చిన్న గీత: వ′ అంటే క్లాసులో మనం డీవై బై డీఎక్స్ అనేది. తెలియని రాశికి మన అక్షరం పెట్టడం కొత్తేమీ కాదు. 12వ శతాబ్దంలో భాస్కరాచార్యుడు 'యావత్ తావత్' అనే మాటను కుదించి తెలియని రాశిని 'యా' అని రాశాడు.

ఘాతం సగమైతే అర్థం ఏమిటి?

య² అంటే య ని రెండుసార్లు గుణించడం. మరి య^(1/2) అంటే య ని అరసారి గుణించడమా? అలా ఆలోచిస్తే ముందుకు పోలేం. ఘాతాల నియమం ఒకటి మనకు ముందే తెలుసు: గుణించేటప్పుడు ఘాతాలు కలుస్తాయి. ఆ నియమం చెడకూడదు అనుకుంటే,

య^(1/2) × య^(1/2) = య^(1/2 + 1/2) = య

తనతో తనను గుణిస్తే య ఇచ్చేది వర్గమూలమే. అందుకే 9^(1/2) = 3. ఇదే దారిలో 8^(1/3) = 2, దాన్ని వర్గం చేస్తే 8^(2/3) = 4. కింద ఉన్న అంకె మూలాన్ని, పైన ఉన్నది ఘాతాన్ని చెబుతుంది. ఘాతం ముందు మైనస్ ఉంటే ఆ రాశి హారంలోకి దిగుతుంది: 8^(−1/3) = 1/2. మైనస్ ఘాతం ఉన్నంత మాత్రాన విలువ మైనస్ కాదు. ఈ పొరపాటు చాలా పేపర్లలో చూశాను.

భిన్న ఘాతాల ఆలోచన పాతదే. 14వ శతాబ్దంలోనే ఫ్రాన్సులో నికోల్ ఒరెమ్ వీటితో పని చేశాడు. 17వ శతాబ్దంలో జాన్ వాలిస్, ఆ తర్వాత న్యూటన్ వీటిని వాడుకలోకి తెచ్చారు.

ఇక అవకలజం అంటే ఒక రాశి ఏ వేగంతో మారుతోందో చెప్పేది. య కొద్దిగా కదిలితే వ ఎంత కదులుతుందో, ఆ రెండు కదలికల నిష్పత్తి ఏ విలువకు చేరువవుతుందో అదే వ′. గ్రాఫు మీద అయితే ఆ బిందువు దగ్గర స్పర్శరేఖ వాలు.

పొడవూ వెడల్పూ రెండూ పెరిగితే

ఒక గది పొడవు 10 మీటర్లు, వెడల్పు 6 మీటర్లు అనుకుందాం. వైశాల్యం 60 చదరపు మీటర్లు. పొడవు 0.1 మీటరు, వెడల్పు 0.2 మీటరు పెంచాం. కొత్త వైశాల్యం 10.1 × 6.2 = 62.62. అంటే 2.62 పెరిగింది. ఈ పెరుగుదల ఎక్కడెక్కడ నుంచి వచ్చిందో నేల మీద గీసి చూడండి.

పొడవు పొడుగునా కొత్తగా చేరిన పట్టీ: 10 × 0.2 = 2
వెడల్పు పొడుగునా చేరిన పట్టీ: 6 × 0.1 = 0.6
మూలన మిగిలిన చిన్న ముక్క: 0.1 × 0.2 = 0.02

రెండు పట్టీలు, ఒక చిన్న మూల ముక్క. పెంపు ఇంకా చిన్నదైతే పట్టీలు సన్నబడతాయి, కానీ మూల ముక్క వాటికన్నా ఎంతో వేగంగా మాయమవుతుంది. పెంపును పదో వంతు చేస్తే పట్టీలు పదో వంతవుతాయి, మూల ముక్క వందో వంతవుతుంది. అవకలనంలో మిగిలేది ఆ రెండు పట్టీలే. పొడవును క, వెడల్పును గ అనుకుంటే,

(క × గ)′ = క′ × గ + క × గ′

ఇదే లబ్ధ నియమం. క్లాసులో యూవీ రూల్ అని పిలుచుకునేది ఇదే. మొదటిదాన్ని అలాగే ఉంచి రెండోదాన్ని అవకలనం చేయాలి, రెండోదాన్ని అలాగే ఉంచి మొదటిదాన్ని చేయాలి, రెండూ కలపాలి.

రెండింటినీ విడివిడిగా అవకలనం చేసి గుణించేస్తే సరిపోదా అని ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడుగుతారు. ఆ ప్రశ్న అడగడంలో తప్పు లేదు. 1675 నవంబరు 11న రాసుకున్న కాగితాల్లో జర్మన్ గణితవేత్త లైబ్నిట్జ్ కూడా సరిగ్గా ఇదే ప్రశ్న వేసుకున్నాడు, పరీక్షించి చూసి కుదరదని తేల్చుకున్నాడు. గది లెక్కలో చూస్తే కారణం కళ్లెదుటే ఉంది. పెంపులను గుణిస్తే వచ్చేది ఆ 0.02 ముక్క మాత్రమే. పట్టించుకోవాల్సిన రెండు పట్టీలనూ వదిలేసి, వదిలేయాల్సిన ముక్కను పట్టుకున్నట్టు అవుతుంది.

సగం ఘాతం నియమం లబ్ధ నియమంలోంచే వస్తుంది

వ = య^(1/2) అనుకుందాం. దీని అవకలజం మనకు తెలియదనుకోండి. తెలిసిందల్లా ఒక్కటే: వ × వ = య. రెండు వైపులా అవకలనం చేద్దాం. ఎడమవైపు లబ్ధం కాబట్టి లబ్ధ నియమం వాడాలి. కుడివైపు య కి అవకలజం 1.

వ′ × వ + వ × వ′ = 1
2 × వ × వ′ = 1
వ′ = 1/(2వ) = (1/2) × య^(−1/2)

ఘాతం 1/2 ముందుకు వచ్చింది, ఘాతంలోంచి 1 తగ్గి −1/2 అయింది. పూర్ణ సంఖ్యల ఘాతాలకు మనం వాడే నియమమే అచ్చంగా దిగింది. ఎవరో ఇచ్చారని నమ్మాల్సిన పని లేకుండా, మూడు వరుసల్లో మనమే రాబట్టాం. మూడో వంతు ఘాతానికి వ × వ × వ = య అని మొదలుపెడితే 3 × వ² × వ′ = 1 వస్తుంది, అంటే వ′ = (1/3) × య^(−2/3).

ఈ వాదనలో ఒక మెలిక ఉంది, దాచడం సరికాదు. వ′ అనేది ఉంది అని ముందే ఒప్పుకుని లెక్క మొదలుపెట్టాం. ఉందని నిరూపించాలంటే అవధి నిర్వచనానికి వెళ్లాలి. వర్గమూలాల భేదాన్ని వాటి మొత్తంతో పైనా కిందా గుణిస్తే, య సున్నా కన్నా పెద్దదైనప్పుడు అవధి ఉందని తేలుతుంది, విలువ కూడా ఇదే వస్తుంది. సున్నా దగ్గర మాత్రం హారం సున్నా అవుతుంది. ఆ సున్నా సంగతి చివర్లో చూద్దాం.

లైబ్నిట్జ్ తన అవకలన పద్ధతిని 1684 అక్టోబరులో లైప్‌జిగ్ పత్రిక ఆక్టా ఎరుడిటోరంలో ప్రచురించాడు. ఆ వ్యాసం శీర్షిక చాలా పొడుగు. గరిష్ఠ కనిష్ఠాలకూ స్పర్శరేఖలకూ కొత్త పద్ధతి అని మొదలై, భిన్న రాశులు గానీ కరణీయ రాశులు (వర్గమూలాల్లాంటివి) గానీ దీనికి అడ్డు రావు అని శీర్షికలోనే చెబుతుంది. అంతకు ముందున్న పద్ధతుల్లో సమీకరణంలో మూలాలుంటే ముందు వాటిని వదిలించుకుని, తర్వాత లెక్క మొదలుపెట్టాల్సి వచ్చేది. వర్గమూలాన్ని ఉన్నచోటే ఉంచి పని కానివ్వడం ఆనాటికి పెద్ద వెసులుబాటు. మన పిల్లలు ఏ చోట భయపడుతున్నారో, ఆ చోటే ఈ పద్ధతి బలం అని దాన్ని కనిపెట్టినవాడు పేరులోనే చాటుకున్నాడు. ఈ సంగతి నాకు ఎంతో ఇష్టం, క్లాసులో తప్పకుండా చెబుతాను.

కొట్టివేతలున్న ఆ మూడో వరుస

ఇప్పుడు మొదట్లో చెప్పిన లెక్కకు వద్దాం.

వ = య^(2/3) × (య − 10)

మొదటిది య^(2/3), దాని అవకలజం (2/3) × య^(−1/3). రెండోది (య − 10), దాని అవకలజం 1.

వ′ = (2/3) × య^(−1/3) × (య − 10) + య^(2/3)

అవకలనం ఇక్కడితో అయిపోయింది. ఇది సరైన జవాబే. కానీ ఈ రూపంలో ఉంటే వ′ ఎక్కడ సున్నా అవుతుందో కనిపించదు. అందుకే రెండు పదాల్లోంచీ ఉమ్మడి కారణాంకాన్ని బయటకు తీయాలి. ఉమ్మడిగా ఉన్నది య, రెండు వేర్వేరు ఘాతాలతో: ఒకచోట −1/3, ఇంకోచోట 2/3. ఏది బయటకు తీయాలి? చిన్నదాన్ని. −1/3 కన్నా 2/3 పెద్దది కాబట్టి య^(−1/3) బయటకు వస్తుంది.

ఆ ఇంటర్ అమ్మాయి ఆగిపోయింది ఇక్కడే. య^(2/3) లోంచి య^(−1/3) బయటకు తీస్తే లోపల ఏం మిగులుతుంది? ఆమె మొదటి కొట్టివేత కింద య^(1/3) అని ఉంది. 2/3 లోంచి 1/3 తీసేసిందన్నమాట. కానీ తీయాల్సింది −1/3. 2/3 − (−1/3) = 2/3 + 1/3 = 1. లోపల మిగిలేది మామూలు య. సరిచూసుకోవడానికి ఒక తేలిక దారి ఉంది: బయటకు తీసినదాన్నీ లోపల మిగిలినదాన్నీ గుణిస్తే మళ్లీ మొదటిది రావాలి. య^(−1/3) × య = య^(2/3). వచ్చింది.

వ′ = (1/3) × య^(−1/3) × [2(య − 10) + 3య]
= (1/3) × య^(−1/3) × (5య − 20)
= 5(య − 4) / (3 × య^(1/3))

చతురస్ర బ్రాకెట్‌లోకి 3య ఎందుకొచ్చిందంటే, 1/3 కూడా బయటకు వెళ్లింది కదా, రెండో పదంలో దానికి బదులు 3 పెట్టాలి. రెండో కొట్టివేత ఈ 3 మరిచిపోవడం వల్ల వచ్చింది.

ఇప్పుడు చూడండి, రూపం ఎంత తేటగా ఉందో. య = 4 దగ్గర లవం సున్నా, అక్కడ స్పర్శరేఖ అడ్డంగా ఉంటుంది. య = 0 దగ్గర హారం సున్నా, అక్కడ అవకలజం లేదు.

జవాబు నిజమా కాదా అన్నది ఒక అంకె వేసి చూస్తే తెలుస్తుంది. ఘనమూలం తేలిగ్గా వచ్చే య = 8 తీసుకుందాం. వ = 4 × (−2) = −8. సూత్రం ప్రకారం వ′ = 5 × 4 / (3 × 2) = 10/3, అంటే సుమారు 3.33. క్యాలిక్యులేటర్‌లో య = 8.01 వేస్తే వ సుమారు −7.9666. పెరిగింది 0.0334, దాన్ని 0.01 తో భాగిస్తే 3.34. సరిపోయింది. ఆ రోజు ఆ అమ్మాయి ఈ సరిచూపు ఫోన్‌లోనే చేసుకుంది. 3.34 కనిపించగానే ముందు రాసుకున్న మూడు జవాబుల్లోనూ 8 వేసి, ఏదీ కలవకపోవడం తనే పట్టుకుంది.

ముందే విప్పేయకూడదా?

ఈ లెక్కకు లబ్ధ నియమమే అక్కర్లేదని కొందరు లెక్చరర్లు అంటారు. వాళ్ల మాటలో నిజం ఉంది. బ్రాకెట్ విప్పితే వ = య^(5/3) − 10 × య^(2/3). ఒక్కో పదాన్నీ అవకలనం చేస్తే వ′ = (5/3) × య^(2/3) − (20/3) × య^(−1/3). ఉమ్మడి తీస్తే అదే జవాబు. పోటీ పరీక్షలో నిమిషం మిగిలినా లాభమే కాబట్టి కోచింగ్‌లలో ఈ దారినే ఎక్కువగా చూపిస్తారు.

అయితే ఈ దారి బ్రాకెట్ మీద భిన్న ఘాతం లేనప్పుడే నడుస్తుంది. ఈ ప్రమేయం చూడండి:

వ = య² × (2య + 1)^(1/2)

వర్గమూలం లోపల మొత్తం ఉంది, విప్పడానికి వీల్లేదు. (2య + 1)^(1/2) ని √(2య) + 1 అని విడగొట్టేవాళ్లు ఉంటారు, అది చెల్లదు: √(9 + 16) అంటే 5, 3 + 4 కాదు. ఇక్కడ లబ్ధ నియమం తప్పదు, దానితో పాటు చైన్ రూల్ కూడా. బ్రాకెట్‌ను ఘాతం నియమంతో అవకలనం చేసి, లోపలి 2య + 1 అవకలజమైన 2 తో గుణించాలి.

వ′ = 2య × (2య + 1)^(1/2) + య² × (1/2) × (2య + 1)^(−1/2) × 2
= (2య + 1)^(−1/2) × [2య(2య + 1) + య²]
= య(5య + 2) / √(2య + 1)

య = 4 వేస్తే 4 × 22 / 3, అంటే సుమారు 29.33. చివర ఆ 2 తో గుణించడం మరిచిపోతే 26.67 వస్తుంది. క్యాలిక్యులేటర్‌లో వ విలువ 4 దగ్గర 48, 4.01 దగ్గర సుమారు 48.294. తేడాను 0.01 తో భాగిస్తే 29.4. మరిచిపోయిన 2 ఎక్కడున్నా ఇలా బయటపడుతుంది.

మూడో దారి సంవర్గమానాలది. లాగ్ తీసుకుంటే గుణకారం కూడికవుతుంది, ఘాతాలు కిందికి దిగుతాయి. లబ్ధ నియమాన్ని రెండు వైపులా క × గ తో భాగిస్తే వచ్చేదీ అదే:

వ′/వ = క′/క + గ′/గ

పై ప్రమేయానికి వ′/వ = 2/య + 1/(2య + 1). దీన్ని వ తో గుణిస్తే అదే జవాబు. కారణాంకాలు మూడు, నాలుగు ఉన్నప్పుడు ఈ దారి ఎంతో హాయి. ఆర్థికశాస్త్రంలో దీనికి ప్రసిద్ధమైన వాడుక ఉంది. 1928లో చార్లెస్ కాబ్, పాల్ డగ్లస్ అమెరికా పరిశ్రమల ఉత్పత్తిని శ్రమ ఘాతం 3/4, పెట్టుబడి ఘాతం 1/4 లబ్ధంగా రాశారు. శ్రమ ఏడాదికి 2 శాతం, పెట్టుబడి 4 శాతం పెరుగుతుంటే, ఉత్పత్తి పెరిగే రేటు (3/4) × 2 + (1/4) × 4 = 2.5 శాతం. రెండు భిన్న ఘాతాల లబ్ధం రెండు భాగాల కూడికగా విడిపోయింది. కానీ లాగ్ దారికీ హద్దుంది. వ సున్నా అయినచోట వ తో భాగించలేం. పై ప్రమేయంలో య = 0 దగ్గర వ = 0, అక్కడ అవకలజం సున్నా అని లబ్ధ నియమం నేరుగా చెబుతుంది, లాగ్ చెప్పలేదు.

నా మటుకు నేను, పిల్లలకు ముందు లబ్ధ నియమంతో చేయించి, తర్వాత అదే లెక్కను రెండో దారిలో చేయమంటాను. రెండు దారులూ ఒక్కచోట కలిసినప్పుడు వాళ్లకు వచ్చే ధైర్యం నేను మాటలతో ఇవ్వలేను.

కాలువలో నీళ్లు రెండు విధాలుగా పెరుగుతాయి

లబ్ధ నియమంలోని రెండు పదాలకూ విడివిడిగా అర్థం ఉంటుందని చెప్పడానికి నాకు బాగా నచ్చిన ఉదాహరణ కాలువ. గోదావరి, కృష్ణా డెల్టాల్లో కాలువ పక్కన పెరిగినవాళ్లకు ఇది తెలుసు: నీళ్లు వదిలినప్పుడు మట్టం పెరగడమే కాదు, వడి కూడా పెరుగుతుంది.

సివిల్ ఇంజనీరింగ్ విద్యార్థులు చదివే మానింగ్ సూత్రం ఐర్లండ్ ఇంజనీరు రాబర్ట్ మానింగ్ 1889లో ప్రతిపాదించినది. దాని ప్రకారం కాలువలో నీటి వేగం హైడ్రాలిక్ రేడియస్ అనే కొలత (నీటి అడ్డుకోత వైశాల్యాన్ని నీరు తాకే అంచు పొడవుతో భాగిస్తే వచ్చేది) 2/3 ఘాతానికీ, కాలువ వాలు 1/2 ఘాతానికీ అనుపాతంలో ఉంటుంది. లోతుతో పోలిస్తే వెడల్పు చాలా ఎక్కువున్న కాలువలో ఆ కొలత దాదాపు నీటి లోతే. లోతును ల అందాం. వాలు, వెడల్పు మారవు. నీరు పారే అడ్డుకోత వైశాల్యం ల కి అనుపాతంలో, వేగం ల^(2/3) కి అనుపాతంలో ఉంటాయి. ప్రవాహం ఆ రెండింటి లబ్ధం. స్థిరాంకాన్ని పక్కన పెడితే,

ప్రవాహం = ల × ల^(2/3)
అవకలజం = 1 × ల^(2/3) + ల × (2/3) × ల^(−1/3)
= ల^(2/3) + (2/3) × ల^(2/3)

మొదటి పదం నీటికి దొరికిన అదనపు చోటు. రెండో పదం ఉన్న నీరంతా ఇంకా వడిగా పారడం. పెరుగుదలలో మొదటిదాని వాటా మూడు పాళ్లయితే రెండోదాని వాటా రెండు పాళ్లు. ముందే కలిపేసి ల^(5/3) అని రాస్తే (5/3) × ల^(2/3) ఒక్క వరుసలో వచ్చేస్తుంది, కానీ ఈ వాటాల సంగతి కనబడదు.

అంకెల్లో చూద్దాం. లోతు 2 మీటర్ల నుంచి 2.1 మీటర్లకు, అంటే 5 శాతం పెరిగింది. వైశాల్యం 5 శాతం పెరుగుతుంది. వేగం 1.05^(2/3), అంటే సుమారు 3.3 శాతం పెరుగుతుంది. ప్రవాహం 1.05^(5/3), అంటే సుమారు 8.5 శాతం పెరుగుతుంది. 5 కీ 3.3 కీ కలిపితే 8.3. మిగిలిన ఆ 0.2, గది నేలలో మనం చూసిన మూల ముక్కే.

మైనస్ సంఖ్యకు భిన్న ఘాతం ఉంటుందా?

ఇక్కడ గణిత పుస్తకాల మధ్యే ఏకాభిప్రాయం లేదు. (−8)^(1/3) ఎంత? మైనస్ 2 ని మూడుసార్లు గుణిస్తే మైనస్ 8 కాబట్టి జవాబు −2 అని స్కూలు పుస్తకాలు చెబుతాయి. భిన్నాన్ని కనిష్ఠ రూపంలో రాసినప్పుడు హారం బేసి సంఖ్య అయితే మైనస్ సంఖ్యలకూ అర్థం ఉంటుందన్నది వాళ్ల నియమం. ఈ పక్షాన ఉన్న లాభం ఏమిటంటే, మనం చేసిన య^(2/3) × (య − 10) కి సున్నాకు ఎడమవైపు కూడా గ్రాఫు ఉంటుంది.

రెండో పక్షం ఇలా అడుగుతుంది: 1/3, 2/6 ఒకటే కదా. (−8)^(2/6) ని ముందు వర్గం చేసి ఆరో మూలం తీస్తే 64^(1/6) = 2. ఒకే ఘాతానికి −2, 2 అని రెండు జవాబులా? ఘాతాన్ని ఏ రూపంలో రాశామన్నదాన్ని బట్టి విలువ మారిపోతే ఘాతాల నియమాలను నమ్మి వాడలేం. కాబట్టి భిన్న ఘాతాన్ని ధన సంఖ్యలకే పరిమితం చేయాలని, లేదా సంకీర్ణ సంఖ్యల్లో ఒక ప్రధాన విలువను ఎంచుకోవాలని వీళ్ల వాదన.

ఈ తేడా కంప్యూటర్ దగ్గర నేరుగా తగులుతుంది. పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో మైనస్ 8 ని బ్రాకెట్‌లో పెట్టి 1/3 ఘాతం అడిగితే −2 రాదు, వాస్తవ భాగం 1, కల్పిత భాగం సుమారు 1.732 ఉన్న సంకీర్ణ సంఖ్య వస్తుంది. బ్రాకెట్ తీసేస్తే −2 వస్తుంది, ఎందుకంటే అప్పుడు అది ముందు 8 కి ఘాతం వేసి తర్వాత మైనస్ పెడుతుంది. గ్రాఫులు గీసే డెస్మోస్‌లో గీస్తే మాత్రం ఎడమవైపు గ్రాఫు మామూలుగా కనిపిస్తుంది. గ్రాఫు సగమే వచ్చిందని ఎవరైనా కంగారు పడితే, అది వాళ్ల లెక్కలో తప్పు కాకపోవచ్చు. మొదటి పక్షం నియమం పాటిస్తే అవకలనం సూత్రంలో ఏ మార్పూ అక్కర్లేదు. సున్నాకు ఎడమవైపు కూడా 5(య − 4) / (3 × య^(1/3)) అన్నదే చెల్లుతుంది.

సున్నా దగ్గర ఏం జరుగుతుంది?

ఆ ప్రమేయాన్నే సున్నా చుట్టూ దగ్గరగా చూద్దాం. య = 0 దగ్గర వ = 0. రెండు పక్కలా వ మైనస్ విలువే: −1 దగ్గర −11, 1 దగ్గర −9. అంటే సున్నా దగ్గర ఒక శిఖరం ఉంది. మరి శిఖరం దగ్గర అవకలజం సున్నా కావాలి కదా? ఇక్కడ కాదు. య = −0.001 దగ్గర వాలు సుమారు 66.7, య = 0.001 దగ్గర సుమారు −66.7. ఇంకా దగ్గరికి, 0.000001 కి వెళ్తే −666.7. వాలు సున్నా వైపు రావడం లేదు, రెండు పక్కలా నిట్టనిలువు అవుతోంది. గుండ్రటి కొండ కాదిది, సూదిమొన. గరిష్ఠ కనిష్ఠాల లెక్కల్లో వ′ = 0 అని ఒక్కటే రాసి సమీకరణం సాధించేవాళ్లకు య = 4 దొరుకుతుంది, ఈ మొన దొరకదు. అవకలజం లేని బిందువులను కూడా విడిగా చూడాలని చెప్పేది అందుకే.

దీన్ని చూసి, ఒక కారణాంకానికి సున్నా దగ్గర అవకలజం లేకపోతే లబ్ధానికి కూడా ఉండదు అనుకోవడం సహజం. ఆ ఊహ తప్పు. ఈ లబ్ధం చూడండి:

వ = య^(1/3) × య^(2/3)

సున్నా దగ్గర ఈ రెండింటిలో దేనికీ అవకలజం లేదు. లబ్ధ నియమం వేస్తే,

వ′ = (1/3) × య^(−2/3) × య^(2/3) + య^(1/3) × (2/3) × య^(−1/3)
= 1/3 + 2/3 = 1

సున్నా కాని ప్రతి చోటా ఇది సరైనది. సున్నా దగ్గర మాత్రం పై వరుస రాయడానికే వీల్లేదు, య^(−2/3) కి అక్కడ విలువ లేదు కాబట్టి. కానీ ఈ లబ్ధం నిజానికి ఏమిటి? 1/3, 2/3 కలిస్తే 1, అంటే వ = య. సరళరేఖ. దానికి సున్నా దగ్గర కూడా వాలు 1 ఉంది.

రెండు కారణాంకాలకూ అవకలజాలుంటే లబ్ధానికి ఉంటుందని మాత్రమే లబ్ధ నియమం హామీ ఇస్తుంది. లేకపోతే ఉండదని అది ఎక్కడా చెప్పదు. అలాంటి చోట సూత్రాన్ని పక్కన పెట్టి నిర్వచనానికి వెళ్లాలి. సున్నా నుంచి చిన్న అడుగు హ వేస్తే, హ^(1/3) × హ^(2/3) ని హ తో భాగించాలి. పైనున్నది హ, కిందున్నదీ హ. అడుగు ఎంత చిన్నదైనా నిష్పత్తి 1.